కళింగపట్నం గాలికి లెక్క ఉంది, నీటికేదీ?

గత వేసవిలో, వేట నిషేధం నడుస్తున్న రోజుల్లో, మా కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చిపడింది. బంగాళాఖాతం యాసిడ్ అయిపోతోందట. గుల్లలూ పీతలూ కరిగిపోతున్నాయట. ఇంకొన్నేళ్ళకి తీరంలో చేపపిల్ల కూడా మిగలదట. వెనకాల దెయ్యాల సినిమా సంగీతం, చివర్లో పదిమందికీ పంపమని వేడుకోలు. నేను కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి గనక ఇది నిజమేనా అని ఒకరి తర్వాత ఒకరు అడగడం మొదలుపెట్టారు.

సగం నిజం. సగం నిజాలతో చిక్కేమిటంటే, వాటిని సరిదిద్దబోయినవాడు మొత్తం విషయాన్నే కాదంటున్నట్టు కనబడతాడు. గుల్లలు కరిగిపోవడం లేదండీ అంటే "అయితే సముద్రానికేమీ కాలేదంటారా?" అని ఎదురుప్రశ్న. అయింది అంటే "మరి వీడియోలో చెప్పింది అదే కదా!"

ఆ వారంలోనే శ్రీకాకుళం జిల్లా తీరంలోని కళింగపట్నం వెళ్ళాను. పడవ నీడలో కూర్చుని వల కుట్టుకుంటున్న ఒక పెద్దాయన మాటల మధ్యలో అన్నాడు: "సముద్రం పులిసిపోతందంట గదా మాస్టారూ. మా మనవడు సెల్లులో సూపించినాడు." నేను కార్బన్ డయాక్సైడ్ దగ్గర్నుంచి మొదలుపెట్టబోతే మధ్యలోనే ఆపేశాడు. "పులిత్తే పులిసింది. ఎవుడు పులిపించినాడో అది సెప్పండి ముందు."

ఇదంతా రాయడానికి కారణం ఆ రెండో మాటే. సముద్ర ఆమ్లీకరణ గురించి తెలుగులో వచ్చేవన్నీ ఏం జరుగుతోందో చెబుతాయి. కళింగపట్నంలో, భావనపాడులో, చింతపల్లిలో జరుగుతున్నదాంట్లో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబివ్వరు. ఇవ్వాలంటే కొలతలుండాలి. ఒకేచోట, ఒకే పద్ధతిలో, ఏళ్ళ తరబడి తీసినవి. తీసినవాళ్ళ బీరువాలో కాకుండా ఆ ఊరివాళ్ళకి కనబడేలా పెట్టినవి. మన తీరానికి అవగాహన సదస్సుల కంటే అవి ఎక్కువ అవసరమని నా వాదన. కొలతలు లేనంతకాలం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో "వాతావరణ మార్పు" అన్నది అందరికీ పనికొచ్చే ఒక సాకుగానే ఉంటుంది.

వీడియోలో నిజమెంత

నీటి ఆమ్ల, క్షార గుణాల్ని కొలిచే అంకె పీహెచ్; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. పారిశ్రామిక యుగానికి ముందు సముద్రపు పైపొర సగటు పీహెచ్ 8.2 దగ్గర ఉండేది. ఇప్పుడు 8.1 దగ్గరుంది. పీహెచ్ లాగరిథమ్ లెక్క కాబట్టి ఆ 0.1 తేడా అంటే హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతానికి పైగా పెరిగాయని. మనుషులు గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రం మింగుతోంది. మింగింది కార్బోనిక్ ఆమ్లమై విడిపోయి, ఆ హైడ్రోజన్ అయాన్లు వెళ్ళి కార్బొనేట్ అయాన్లను పట్టుకుంటున్నాయి. గుల్ల కట్టుకునే జీవికి కావాల్సినవి ఆ కార్బొనేట్లే. అవి తగ్గితే గుల్ల కట్టడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, ముఖ్యంగా పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో.

ఇంతవరకూ వివాదం లేదు. కానీ సముద్రం పీహెచ్ 7 కిందికి దిగి నిజంగా ఆమ్లమయ్యే పరిస్థితి ఎవరి అంచనాలోనూ లేదు. మన ఉష్ణమండలపు పైనీళ్ళలో కార్బొనేట్ ఇప్పటికీ సంతృప్త స్థాయికి పైనే ఉంది. కాబట్టి బారువ ఒడ్డున గుల్లలు కరుగుతున్నాయన్నది కట్టుకథ.

పూసపాటిరేగ వైపు రొయ్యల రైతులకైతే ఇందులో సగం చెప్పనక్కర్లేదు. చెరువులో తెల్లారేసరికి పీహెచ్ పడిపోతుందని, సాయంత్రానికి లేస్తుందని, రాత్రంతా నాచూ రొయ్యలూ వదిలిన కార్బన్ డయాక్సైడే దానికి కారణమని వాళ్ళకు తెలుసు. ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, తగ్గితే సున్నం ఎప్పుడు కొట్టాలో, ఎంత కొట్టాలో డిగ్రీ చదివిన మా పిల్లలకంటే వాళ్ళే బాగా చెబుతారు. సముద్ర రసాయనశాస్త్రం ఈ తీరానికి కొత్త సబ్జెక్టు కాదు. చెరువు గట్టు దాటి సముద్రం దాకా వెళ్ళలేదంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వీడియోల వాళ్ళు చెప్పరు. ఆమ్లీకరణ వల్ల చేపల బుర్ర చెడుతుందని, శత్రువు వాసన గుర్తుపట్టక దాని నోట్లోకే వెళ్ళి పడతాయని ఒకప్పుడు వరసగా పరిశోధనలు వచ్చాయి. ప్రపంచమంతా పతాక శీర్షికలైంది. 2020లో తిమోతీ క్లార్క్ బృందం అవే ప్రయోగాలను పెద్దయెత్తున మళ్ళీ చేసి, పగడపు దిబ్బల చేపల ప్రవర్తనలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 'నేచర్' పత్రికలో రాసింది. ఆమ్లీకరణ అబద్ధమని దీనికి అర్థం కాదు. నీటి కెమిస్ట్రీ మారడం ఒకటి, ఆ మార్పు ఏ జీవికి ఎంత దెబ్బ అన్నది మరొకటి. మొదటిది గట్టి నేల, రెండోది ఇంకా బురదే. బురదలో నిలబడి పదేళ్ళలో చేపలుండవని శాపాలు పెట్టడం నాకు నచ్చదు.

మన నీళ్ళ సంగతి వేరు

ప్రపంచ సగటు చెప్పి ఊరుకుంటే మన బంగాళాఖాతానికి అన్యాయం చేసినట్టే. గంగా బ్రహ్మపుత్రల దగ్గర్నుంచి మహానది, గోదావరి దాకా ఇన్ని నదులు వచ్చి కలిసే సముద్రం ప్రపంచంలో ఎక్కడో గానీ ఉండదు. ఆ మంచినీరు పైన ఒక పొరలా పరుచుకుంటుంది. ఉప్పు తగ్గితే సాధారణంగా ఆల్కలినిటీ కూడా తగ్గుతుంది. అంటే వచ్చిపడే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి ఆ పైపొరకు తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. పైనున్న ఆ పలచటి నీళ్ళు మన ఇచ్ఛాపురం, సోంపేట ముందునుంచే కిందికి వెళతాయి. అంతకు ముందే వంశధార, నాగావళి వరదలు వచ్చి ఉంటాయి. మే నెలలో కళింగపట్నం నీళ్ళు, అక్టోబరులో కళింగపట్నం నీళ్ళు ఒకే సముద్రానివని చెప్పడం కష్టం.

విశాఖలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. ప్రధాన రచయిత వి.వి.ఎస్.ఎస్. శర్మ. తీరప్రాంత బంగాళాఖాతంలో 1991 నాటి కొలతల్ని 2011 నాటి వాటితో పోల్చి చూశారు. వాళ్ళు తేల్చిన విషయాల్లో నన్ను పట్టుకున్నది ఇది: ఇక్కడి మార్పును గ్లోబల్ కార్బన్ డయాక్సైడ్ ఒక్కదానికే అంటగట్టలేం, భూమ్మీద నుంచి గాలి మోసుకొచ్చి నీళ్ళ మీద దించే కాలుష్యానికీ ఇందులో వాటా ఉంది. బొగ్గు, డీజిలు పొగల్లోంచి వచ్చే సల్ఫేటు, నైట్రేటు ధూళి. శీతాకాలంలో ఉత్తరాది మైదానాల పొగ ఎటు కొట్టుకొస్తుందో అందరికీ తెలిసిందే.

పెద్దాయన ప్రశ్నకు నేను చదివినవాటిలో కాస్త దగ్గరగా వచ్చిన జవాబు ఇదొక్కటే. ఎవరు పులిపించారంటే అమెరికా, చైనా, మనం, అందరం. దానితోపాటు మన దేశపు పొగగొట్టాలు కొంత విడిగా. ఎంత విడిగా? మధ్యలో ఇరవయ్యేళ్ళ దూరమున్న రెండు కొలతల నుంచి ఇంతకు మించి పిండలేం. ఆ రెండు కొలతలైనా ఉన్నాయి కాబట్టి ఈమాత్రం తెలిసింది.

ఖాతం నడిమధ్యలో, 15 డిగ్రీల ఉత్తరం, 90 డిగ్రీల తూర్పు దగ్గర, ఆమ్లీకరణ కొలిచే బోయా (నీటి మీద తేలే కొలత పరికరం) ఒకటి 2013 నవంబరులో దించారు. అమెరికా సంస్థ నోవా, మన దేశ సంస్థలు కలిసి చేసిన పని. చాలా విలువైనది. కానీ అది కళింగపట్నానికి ఏడువందల కిలోమీటర్ల పైమాటే, అండమాన్లకే దగ్గర. విశాఖ దగ్గర ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) వాళ్ళ నీటినాణ్యత బోయా ఉంది, అది మనకు కాస్త నయం. తీరప్రాంత కాలుష్యాన్ని గమనించే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఒకటి 1991 నుంచీ నడుస్తోంది. ఎవరూ ఏమీ చేయలేదని నేననను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది గానీ, ఇలా చోటుకొక తీరుగా, నెలకొక తీరుగా మారే నీళ్ళకు ఆ పద్ధతి చాలదు.

కళింగపట్నంలో వాతావరణ శాఖ కేంద్రం ఉంది. ఆ ఊరి గరిష్ఠ ఉష్ణోగ్రత, వర్షపాతం వాతావరణ వార్తల్లో వింటూనే పెరిగాం. అల్పపీడనం పట్టిందంటే టీవీలో మొదట వినబడే పేర్లలో అదొకటి. ఆ కేంద్రానికి కనుచూపు మేరలో ఉన్న సముద్రం ఇవాళ ఎలా ఉందో, ఉప్పెంతో, ఆక్సిజనెంతో, పీహెచ్ ఎంతో చెప్పే వార్త మాత్రం నేను ఇంతవరకు వినలేదు.

తప్పంతా ఆకాశానిదైతే

రణస్థలం వైపు ఒక గ్రామంలో జరిగిన సమావేశానికి ఓసారి వెళ్ళాను. మత్స్యకారుల గోడు ఎప్పుడూ ఉండేదే: ఒడ్డుకు దగ్గర్లో చేప దొరకడం లేదు, పరిశ్రమల గొట్టాల నీళ్ళు సముద్రంలోకి వదిలినప్పుడు రంగు మారుతోంది, కంపు కొడుతోంది. వేదిక మీదున్న ఒక అధికారి ఓపిగ్గా అంతా విని, మైకు దగ్గరికి లాక్కుని, "చూడండమ్మా, ఇది గ్లోబల్ వార్మింగ్. ప్రపంచమంతా ఉంది. దీనికి మనమేం చేయగలం?" అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం 1951 నుంచి 2015 మధ్య సగటున ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖే 2020 నాటి తన నివేదికలో రాసింది. కానీ గొట్టం గురించి అడిగితే భూగోళం గురించి చెప్పడం తెలివైన పని. భూగోళం మీద ఎవరూ కేసు పెట్టలేరు.

వాతావరణ మార్పు గురించి గొంతు చించుకుంటున్న మాబోటివాళ్ళు గమనించనిది ఇదే. మనం ప్రపంచ కారణాన్ని ఎంత గట్టిగా చెబితే, పక్కనున్న కారణానికి అంత నీడ దొరుకుతుంది. రాత్రిళ్ళు ఒడ్డు దాకా వచ్చే మరబోట్లు, సన్న కన్ను వలలు, గొట్టాలు, హార్బర్ లేక చిన్న పడవలతో అలలు దాటాల్సిన అవస్థ, ఇవన్నీ పక్కకు పోతాయి. మన జిల్లాల కుర్రాళ్ళు వెరావల్ బోట్లలో కూలికి వెళ్ళేది సముద్రం పులిసినందుకు కాదు. 2018 నవంబరులో అలా గుజరాత్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కినవాళ్ళు తిరిగి ఇల్లు చేరింది 2020 జనవరిలో. వాళ్ళ వలసకు కారణాల చిట్టా రాస్తే ఆమ్లీకరణ అట్టడుగున ఎక్కడో ఉంటుంది, అసలుంటే.

అటువైపు నుంచి కూడా ఇదే తంతు ఉంది, అది దాచడం న్యాయం కాదు. ఊళ్ళో ఏ రోజు వల ఖాళీగా వచ్చినా తప్పు గొట్టానిదే. కవ్వళ్ళనే చేపలు ఒక ఏడాది విరివిగా పడి మరుసటేడు మాయమవడం తాతల నాటి నుంచీ ఉన్నదే, సముద్రపు వేడి, గాలివాటం, ప్రవాహాలతో ముడిపడినదే. గొట్టం లేని సోంపేట వైపు కూడా చేప తగ్గిందంటున్నారు కదా అని నేనడిగితే ఒక యువకుడు కోపంగా చూశాడు. "మీరు కంపెనీ తరఫున వచ్చారేటి?" అన్నాడు. కొలత లేనిచోట ప్రశ్న అడిగినవాడు కూడా ఏదో ఒక పక్షంలో జమవుతాడు.

తూకానికి వెళ్ళే రిజిస్టర్లు

భోగాపురం, పూసపాటిరేగ తీరంలో రొయ్యపిల్లల్ని పుట్టించి అమ్మే హేచరీలున్నాయి. సముద్రంలోంచి నీళ్ళు తోడుకుని బతికే వ్యాపారం అది. మా పాత విద్యార్థి ఒకడు అక్కడొక దాంట్లో ల్యాబ్ చూసుకుంటాడు. అటు వెళ్ళినప్పుడు టీ ఇప్పించి రిజిస్టరు చూపించాడు. తారీఖు, వేళ, ఉష్ణోగ్రత, సెలైనిటీ (నీటిలో ఉప్పెంతో), పీహెచ్, ఆల్కలినిటీ. బ్లీచింగ్ వేయకముందు, సముద్రం నుంచి తోడిన నీటికి విడిగా ఒక వరస. నడిచే సీజనంతా, రోజూ.

నా కళ్ళు పెద్దవయ్యాయి. "పాత సంవత్సరాలవి చూపించరా" అన్నాను.

"పాతవెందుకుంచుతాం సార్? సీజన్ అయిపోయాక తూకానికి ఇచ్చేస్తాం."

వాడి తప్పేం లేదు. వాడికి కావాల్సింది ఈరోజు ట్యాంకులోకి వెళ్ళే నీరు పిల్లకు పడుతుందా లేదా అన్నది. కానీ పరిశోధన ప్రాజెక్టుకు ఇన్నేళ్ళు, ఇన్ని లక్షలు అని లెక్కలేసుకునే లోకంలో, రోజువారీ సముద్రపు నీటి రికార్డు బఠాణీల పొట్లాలైపోవడం చూస్తే కడుపు మండదా!

ఇక్కడ నాకు గుర్తొచ్చేది అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు తీరం. అక్కడ విస్కీ క్రీక్ అనే హేచరీలో 2007 నుంచి ఆల్చిప్పల పిల్లలు కుప్పలుగా చచ్చిపోయాయి. మొదట బాక్టీరియా అనుకున్నారు. శుద్ధి యంత్రాలు పెట్టినా చావులు ఆగలేదు. చివరికి హేచరీ వాళ్ళూ యూనివర్సిటీ వాళ్ళూ కలిసి లోపలికి వచ్చే నీటిని పట్టుబట్టి కొలిస్తే తేలిందేమిటంటే, గాలులు తిరిగి సముద్రపు లోతుల్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న చల్లని నీరు పైకి వచ్చిన రోజుల్లోనే పిల్ల చస్తోంది. ఆ రోజుల్లో నీటికి ఆమ్లాన్ని తగ్గించే సోడా యాష్ కలపడం, తెల్లవారుజామున కాకుండా మధ్యాహ్నం దాటాక, నాచు తన పని చేసి పీహెచ్ లేచాక తోడుకోవడం మొదలుపెట్టారు. హేచరీ నిలబడింది. 2012లో శాస్త్ర పత్రం కూడా వచ్చింది. సముద్ర ఆమ్లీకరణ వల్ల ఒక వ్యాపారం దెబ్బతిన్నదని చూపిన తొలి ఉదాహరణల్లో అదొకటి, దాన్ని పట్టించింది వాళ్ళ సొంత నీటి కొలతలు.

ఈ కథ మా పాత విద్యార్థికి చెబితే, మధ్యాహ్నం తోడడం దగ్గర నవ్వేశాడు. "అది మా చెరువుల వాళ్ళకి పుట్టుకతో తెలుసు సార్."

మనవి రొయ్యలు, వాళ్ళవి ఆల్చిప్పలు. రొయ్యపిల్ల అంత సున్నితం కాదు, తీరం స్వభావమూ వేరు. ఒరెగాన్‌లో జరిగింది భోగాపురంలో జరుగుతుందని నేననడం లేదు. సముద్రం మీద బతికే వ్యాపారమే దానికి కాపలాదారు కూడా కాగలదని మాత్రం అంటున్నాను.

రెండు మీటర్లు, రెండు అంకెలు

ఇక నా వాదనకు నేనే పెట్టుకోవాల్సిన గండి. ఆ రిజిస్టర్ల అంకెలు నమ్మదగినవేనా?

మా ల్యాబ్‌లో జరిగింది చెబుతాను. పిల్లలు కళింగపట్నం నుంచి సీసాలో నీళ్ళు పట్టుకొచ్చారు. ఒక మీటరు 8.02 చూపింది, పక్కదే 8.19 చూపింది. రెండూ అదే ఉదయం బఫర్ ద్రావణాలతో సరిచేసినవే. ఆ బఫర్లు పలచటి ద్రావణాలు, సముద్రపు నీటిలో ఉప్పు దట్టం. గాజు ఎలక్ట్రోడు ఆ తేడాకి తడబడుతుంది. పైగా సీసాలో కాస్త గాలి ఉంది, బస్సులో గంటసేపు ఎండకు కాగింది, లోపలి సూక్ష్మజీవులు ఊపిరి పీలుస్తూనే ఉన్నాయి. పరిశోధకులైతే సీసాలో మెర్క్యురిక్ క్లోరైడ్ చుక్క వేసి ఆ ఊపిరి ఆపేస్తారు. పీహెచ్‌ని గాజు కడ్డీతో కాకుండా ఊదారంగు సూచిక వేసి కాంతితో కొలుస్తారు. తమ పరికరం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో ఆండ్రూ డిక్సన్ ప్రయోగశాల తయారుచేసిన ప్రామాణిక సముద్రపు నీటి సీసాలు తెప్పించుకుంటారు.

మా రెండు మీటర్ల మధ్య తేడా 0.17. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి ప్రపంచ సముద్రాలన్నిటిలో వచ్చిన మార్పు 0.1. మా బల్ల మీది తగాదా భూగోళం తగాదా కంటే పెద్దది!

విశాల సముద్రంలో పీహెచ్ తగ్గుదల ఏడాదికి 0.002 చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే కొలత 0.003 లోపల ఖచ్చితంగా ఉండాలని ఆమ్లీకరణ పరిశీలనల అంతర్జాతీయ నెట్‌వర్క్ చెబుతుంది. దాన్ని "క్లైమేట్" స్థాయి అంటారు. అంతకన్నా సడలించిన "వెదర్" స్థాయి ఒకటుంది, అక్కడ 0.02 దాకా ఒప్పుకుంటారు. హేచరీ పెన్ మీటరు ఈ రెంటిలోకీ రాదు. ఎన్నేళ్ళు రాసినా ఆ రిజిస్టర్లలో ఆమ్లీకరణ కనబడదు. ఇది నా వాదనలో బలహీనమైన చోటు, కొట్టదలచుకున్నవాళ్ళు ఇక్కడే కొట్టాలి.

అయినా ఆ రిజిస్టర్లు కావాలనే అంటాను. దూరపు కారణం, దగ్గరి కారణం ఒకలా ప్రవర్తించవు. గ్లోబల్ కార్బన్ డయాక్సైడ్ మెల్లగా, అంతటా, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. గొట్టం అలా కాదు. ఒక చోట, ఒక రాత్రి, ఉన్నట్టుండి. వరద కూడా ఒక వారమే, ఒక నదిముఖం దగ్గరే. రోజూ ఒకే మనిషి ఒకే మీటరుతో ఒకేచోట కొలుస్తుంటే ఆ మీటరు అసలు విలువ తప్పు చెప్పినా నిన్నటికీ ఇవాళ్టికీ ఒక్కసారిగా వచ్చిన పెద్ద తేడాని పట్టిస్తుంది. అరపాయింటు పడిపోతే పెన్ మీటరు కూడా చెబుతుంది. దానికి కరిగిన ఆక్సిజన్ కొలత తోడు కావాలి, ఎందుకంటే కుళ్ళే వ్యర్థాలు పీహెచ్‌ని, ఆక్సిజన్‌ని కలిపి దించుతాయి. సెలైనిటీ కూడా పడితే అది వంశధార పని, పడకపోతే మరొకరిది. నెలకోసారి ఒక సీసా మాత్రం పద్ధతి ప్రకారం విషం వేసి, మూత బిగించి విశాఖ పంపితే, ఆ ఒక్క సరైన కొలత చుట్టూ మిగతా అంకెల్ని సర్దుకోవచ్చు. సముద్ర ఆమ్లత సగటును ఎంపిక చేసిన కేంద్రాల్లో కొలవాలని ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోనూ ఉంది, 14.3 కింద. దేశానికి నాలుగైదు చోట్ల కొలిచి నివేదిక పంపితే ఆ లక్ష్యం నెరవేరినట్టే కావచ్చు. రణస్థలం వాళ్ళ అనుమానం తీరదు.

"కొలిత్తే సేపొత్తదా?"

కళింగపట్నంలోనే మరొకాయన అడిగిన ప్రశ్న ఇది. రాదు. ఇన్‌కాయిస్ వాళ్ళు ఉపగ్రహాల నుంచి సముద్రపు వేడి, నాచు రంగు చూసి చేప ఎక్కడుండొచ్చో చెబుతున్నారు కదా అన్నాను. "సెప్తారు. ఆల్లు సెప్పిన తావుకి మా ఇంజన్తో ఎల్లి రావాలంటే ఆయిలుకే సరి" అన్నాడు. ఉపయోగం లేదని కాదు ఆయన అనేది. సమాచారం వచ్చింది గానీ ఆయన పడవ కొలతకు కుట్టి రాలేదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఉద్దానం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్ళవాళ్ళు దశాబ్దాలుగా రక్తమిచ్చారు, మూత్రమిచ్చారు, బోరు నీళ్ళిచ్చారు. ఎందరో వచ్చి పట్టుకెళ్ళారు. కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. "ఇంకా పరిశోధన జరగాలి" అన్న మాట ఆ పల్లెల్లో ఎవరి దగ్గరైనా అని చూడండి. కొలుద్దాం, ఇంకా కొలుద్దాం అన్నది కూడా వాయిదాకి మంచి మార్గమే. అధికారి భూగోళాన్ని చూపించినట్టే పరిశోధకుడు తర్వాతి ప్రాజెక్టును చూపిస్తాడు. కొలతల మీద నాకున్న మోజుకు నా ఊరి పక్కనే ఇంత పెద్ద హెచ్చరిక ఉంది.

దీని మీద చాలా తన్నుకున్నాను. ఉద్దానంలో కారణం తేలేదాకా ఆగకుండా చేసిన పనులున్నాయి: డయాలసిస్ కేంద్రాలు, వంశధార నీళ్ళు గొట్టాల్లో ఊళ్ళకు తేవడం. ఆ పనులకు పరిశోధన పూర్తవడం అక్కర్లేకపోయింది. తీరంలోనూ అంతే. గొట్టాల మీద నిఘా, ఒడ్డు దగ్గర మరబోట్ల కట్టడి, హార్బర్లు, వీటిలో దేనికీ పీహెచ్ రికార్డు కోసం ఎదురుచూడనక్కర్లేదు. కొలతలకు అడిగే డబ్బు వీటి వాటాలోంచి తీస్తే నేనే వద్దంటాను. కానీ ఉద్దానంలో జనానికి అసలు కోపం నమూనాలు తీసుకున్నందుకు కాదు, ఫలితాలు తిరిగి రానందుకు. అక్కడివాళ్ళ నోట నేను మళ్ళీ మళ్ళీ విన్నది "మా రిపోర్టు మాకు సూపించనేదు" అన్న మాట. సముద్రం విషయంలో ఆ వరస తిరగేయవచ్చు. అంకె మొదట ఊళ్ళో బోర్డు మీద పడాలి, పత్రికలోకి తర్వాత వెళ్ళాలి.

అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనాలోవా కొండ మీద గాల్లో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 పీపీఎమ్ (పది లక్షల్లో భాగాలు) చుట్టుపక్కల ఉంది. ఇప్పుడు 420 దాటింది. 1964లో నిధులు తగ్గి ఆ కొలత కొన్ని నెలలు ఆగిపోయింది. ఆ ఖాళీ గ్రాఫులో ఇప్పటికీ కనబడుతుంది. రోజూ అదే అంకెని రాయడం ఎంత విసుగు పనో, దానికి డబ్బివ్వడం ఇచ్చేవాళ్ళకి అంతకంటే విసుగు. కొత్తగా ఏమీ కనిపెట్టని పనికి ఎవరు నిధులిస్తారు? అందుకే కొత్త ప్రాజెక్టు కంటే, ఎలాగూ రోజూ నీళ్ళు కొలిచే హేచరీ మీద నాకు ఆశ.

ఆ ఆశకు అడ్డం కెమిస్ట్రీ కాదు, భయం. మా పాత విద్యార్థి ద్వారా యజమానిని కలిశాను. మంచివాడు, విన్నాడు. పాత రిజిస్టర్లు తూకానికి ఇవ్వకుండా మా కాలేజీకి పంపడానికి ఇబ్బంది లేదన్నాడు. అంకెలు బయటపెడతామనగానే కుర్చీలో సర్దుకున్నాడు. నీళ్ళు బాలేదని రాసిన రోజున మా సీడు ఎవరు కొంటారు మాస్టారూ, ఆపైన నీళ్ళు బాలేకపోవడానికి మీ వ్యర్థాలే కారణమని నామీదికే వస్తే? రెండూ సబబైన ప్రశ్నలే. హేచరీలు కూడా నీళ్ళు తిరిగి సముద్రంలోకే వదులుతాయి మరి. పేరు లేకుండా, మండలం పేరుతో, లోపలికి తోడిన నీటి వరస మాత్రమే, అదీ నాలుగైదు హేచరీలు కలిసొస్తేనే ప్రచురిద్దామన్నాను. మిగతావాళ్ళను అడిగి చూస్తానన్నాడు. ప్రస్తుతానికి ఒక సీజన్ రిజిస్టరు మా స్టాఫ్ రూమ్ బీరువాలో ఉంది, దాన్ని ఇద్దరు రెండో ఏడాది పిల్లలు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. సెలైనిటీ గడిలో ఎవరో పాల లెక్క కూడా రాసుకున్నారు, దాన్ని తీసేయాలా అని అడిగారు. ఉంచమన్నాను.